సూదిపిల్ల చివరి అధ్యాయం

"పన్నెండు కొట్టేసరికి అచ్చుప్లేట్లకు వెళ్ళిపోవాలమ్మా" అన్నాడు ఫోర్‌మన్, ఆఖరి పదహారు ప్రూఫు పేజీలూ నా బల్ల మీద పెట్టి, అదే చేత్తో గోడ గడియారం చూపించి, నాకేదో గడియారం చూడటం రానట్టు. పదకొండయింది. పదహారు పేజీలకు నాకు గంట ఎందుకు, అరగంట చాలు, ఇరవై ఏడేళ్ళుగా ఈ ప్రెస్సులో ఉన్నదాన్ని, ఇతరుల తప్పులు ఏరుతూ బతుకుతున్నదాన్ని, మందు సీసాల మీద అంటించే చీటీల నుంచి లావుపాటి చట్టాల పుస్తకాల దాకా నా కళ్ళ కింద నుంచి పోనిది లేదు, ఒక్క కామా ఎగిరిపోయినా నాకు పంటి కింద రాయి తగిలినట్టే ఉంటుంది. కింద హాల్లో పెద్ద మిషను వేడెక్కుతోంది, నేల సన్నగా అదురుతోంది, నా బల్ల మీది గాజుగ్లాసులో రెండు పెన్నులూ ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తున్నాయి. ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఎరుపు ప్రెస్సు తప్పుకు. రచయిత ఒకటి రాస్తే మేం ఇంకొకటి కూర్చామనుకోండి, ఎర్రగీత గీసి సరిచెయ్యడం నా పని, దానికి ఎవరినీ అడగక్కర్లేదు. నీలం రచయిత మార్పుకు. రాసినవాళ్ళు మనసు మార్చుకుని మాట మారిస్తే నీలంతో మార్చాలి, పక్కన వాళ్ళ పొడి సంతకం ఉండాలి, సంతకం లేని నీలం గీతను కన్నతండ్రి గీసినా సరే ఫోర్‌మన్ ప్లేటుకు పంపడు. ఇన్నేళ్ళలో ఎర్రపెన్నులు ఎన్ని అరగదీశానో నాకే తెలియదు. నీలిపెన్ను మాత్రం వచ్చిన రచయితలకు అందించడమే తప్ప దాని మూత నేను తీసింది లేదు.

ఈ పుస్తకం మా అక్కది. అట్ట మీద అలాగే ఉంది, పెద్ద పెద్ద అక్షరాలతో, అక్క పేరు ఒక్కటే. అక్క కాలేజీలో పాఠాలు చెబుతుంది, ఇంతకుముందు మూడు పుస్తకాలు రాసింది, మూడూ గంభీరంగా ఉంటాయి, చదివినవాళ్ళు బాగున్నాయనే అంటారు. ఇది మాత్రం పదిహేనేళ్ళ పిల్లల కోసం రాసిన మాయల నవలట. మూడు వారాల కింద మొదటి ప్రూఫు వచ్చినప్పుడు యజమాని నన్ను గదిలోకి పిలిచి మరీ చెప్పాడు, "మీ అక్కగారు ప్రత్యేకంగా అడిగారు, ఇది మీరే చూడాలట" అని, నేనూ పొంగిపోయాను, వెర్రిదాన్ని, కట్ట చంకలో పెట్టుకుని మెట్లెక్కి, కళ్ళజోడు తుడుచుకుని మరీ మొదలుపెట్టాను. మొదటి అధ్యాయం బాగానే నడిచింది. రెండో అధ్యాయం, మూడో పంక్తి. దారం లేకుండా కుట్టిన చొక్కా వేసుకున్నవాడికి ఆ రోజంతా చలి వెయ్యదు. ఎర్రపెన్ను అక్కడ ఆగిపోయింది. తప్పేమీ లేదు, వాక్యం శుభ్రంగా ఉంది. ఎక్కడో చదివానే అనుకున్నాను, ఎక్కడా అని ఆలోచించాను, అప్పుడు అరికాళ్ళకు చల్లగా తగిలింది, పెరటి స్నానాలగది గచ్చు, బోర్లించిన బకెట్టు, దాని మీద నేను, ఒళ్ళో నోటుబుక్కు, పద్నాలుగేళ్ళ వయసు. ఆ వాక్యం నేను చదివింది కాదు, రాసింది.

అక్కా నేనూ కలిసి రాసిన ఆ కథలో ఊరికి మేం పేరు పెట్టలేదు, ఒకరికి నచ్చింది ఇంకొకరికి నచ్చలేదు. ఆ ఊళ్ళో అతుకు విద్య నిషేధం. విరిగినదాన్ని, చిరిగినదాన్ని సూదీ దారం జిగురూ ఏమీ లేకుండా ఉత్త చేత్తో అతికించడం అన్నమాట, అది చేసినట్టు తేలితే ఆ చేతులను మైనంలో ముంచి జీవితాంతం మూసేస్తారు. బట్టల దుకాణంలో గుండీలు కుట్టే ఒక అమ్మాయికి ఆ విద్య పుట్టుకతోనే వచ్చింది, అందరూ సూదిపిల్ల అంటారు, ఆ పిల్ల సూది ముట్టకుండానే కుడుతుందని ఎవరికీ తెలియదు. ఊరికి అవతలి చివర బురుజు మీద ఒక అబ్బాయి, గంటవాడు. ఊళ్ళో ఎక్కడ అతుకు పడినా వాడికి పళ్ళు జివ్వుమంటాయి, జివ్వుమన్నప్పుడల్లా గంట కొట్టి భటులను పిలవడం వాడి ఉద్యోగం. వాడు కొట్టడు. వాడికీ ఆ విద్య వచ్చు, పగిలిన గంటను ఎవరూ చూడకుండా అతికించింది వాడే. సూదిపిల్ల నాది, గంటవాడు అక్కవాడు. బేసి అధ్యాయాలు అక్క రాసేది, సరి అధ్యాయాలు నేను. వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు, ఆ పిల్ల ఉనికి వాడికి పళ్ళల్లో తెలిసేది, వాడి ఉనికి ఆ పిల్లకు మోగని గంట వల్ల తెలిసేది. చివరి అధ్యాయంలో ఇద్దరినీ కలపాలనుకున్నాం, అది ఇరవై నాలుగోది, సరిసంఖ్య, నా వంతు. ఇంకో కట్టడి కూడా ఉండేది, నాలుగో అధ్యాయంలో నేను పెట్టిందే. అతుకు వేసిన ప్రతిసారీ వేసినవాళ్ళ జ్ఞాపకం ఒకటి పోతుంది, పోయినట్టు వాళ్ళకు తెలియదు, ఆ చోట ఇంకో తీయటి జ్ఞాపకం దానంతటదే మొలుస్తుంది. పద్నాలుగేళ్ళ పిల్లకు ఆ ఊహ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు, బహుశా కథ కదలక ఏదో ఒకటి పెట్టేసి ఉంటాను.

మా ఇంట్లో కథలు నిషేధం. గోడ మీద రాసిపెట్టలేదు కానీ అంతే. నాన్న గడియారాలు బాగుచేసేవాడు, ముందుగదే దుకాణం, కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్నాడంటే వెనక గదుల్లో గిన్నె చప్పుడు కూడా కాకూడదు. ఆయన దృష్టిలో లోకంలో ఉన్నవి రెండే రకాలు, నడిచేవీ ఆగిపోయినవీ, కథలు ఈ రెండింట్లోనూ లేవు. "లేనిదాన్ని ఉన్నట్టు చెప్పడాన్ని ఏమంటారు?" అని అడిగేవాడు, మాకు అవకాశం ఇవ్వకుండా జవాబు కూడా ఆయనే చెప్పేసేవాడు, "అబద్ధం అంటారు." అందుకని మా ఏర్పాట్లు మేం చేసుకున్నాం. ఒకరు రాసేరోజు రెండోవాళ్ళు ఇద్దరి పనీ చెయ్యాలి, అంట్లు, ఉతుకు, ఇస్త్రీ, నాన్న బల్ల తుడవడం, చిన్న స్క్రూలు డబ్బాల్లో సర్దడం, రెండోది ఏదీ అని ఎవరూ అడగనంత చురుగ్గా చెయ్యాలి. అక్క అధ్యాయాలు పొడుగ్గా సాగేవి. ఆ రోజుల్లో నా వేళ్ళు నీళ్ళల్లో నాని ముడతలు పడి ఉండేవి, అయినా నాకు బాధ ఉండేది కాదు, గంటవాడికి ఏమవుతోందో అని ఆత్రంగా అంట్లు తోముతుంటే ఒకసారి గ్లాసు చేతిలోనే పగిలింది. అతుకు విద్య వస్తే ఎంత బాగుండేదని నిజంగానే అనుకుని రెండు ముక్కలూ కలిపి పట్టుకుని కాసేపు చూశాను.

రెండో ఏర్పాటు ఇంకా తెలివైనది, మరీ అంత తెలివితేటలు అక్కర్లేదని అప్పుడు చెప్పేవాళ్ళు లేకపోయారు. ఎప్పుడైనా పట్టుబడితే ఏది ఎవరు రాశారో ఎవరూ తేల్చకూడదు, అందుకని ఇద్దరం ఒకే రాత నేర్చుకోవాలి. తేలకపోతే శిక్ష ఎవరికి వేస్తారు, వెయ్యలేరు గదా, అదీ మా లెక్క. అక్క అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. నాది ఎడమచేతి వాటం, నా రాత చూసి అక్క పడీపడీ నవ్వేది, కోడి కెలికినట్టుందే అనేది. మరి అక్క రాతే నేను నేర్చుకోవాలి గానీ నా రాత అక్క నేర్చుకుంటుందా. ఆరు నెలలు కుడిచేత్తో దిద్దాను. స్కూల్లో టీచరమ్మ మెచ్చుకుంది, చిన్నది దారిలో పడిందని అమ్మ సంతోషించింది, నాన్న కూడా భూతద్దం పైకెత్తి ఒకసారి చూసి ఊఁ అన్నాడు. ఆరు నెలలయ్యేసరికి రెండు నోటుబుక్కులు పక్కపక్కన పెడితే మాకే తేడా తెలిసేది కాదు. మేం రాసిన మాయల్లో నిజంగా పనిచేసింది అదొక్కటే.

పదకొండూ పది. ముందు ఈ అంకితం పేజీ. అక్క దీన్నీ చివరి అధ్యాయాన్నీ ఇన్నాళ్ళూ ఆపి ఉంచింది, ఇంకా చెక్కుతున్నానని యజమానికి కబురు పెడుతూ వచ్చి నిన్న పంపింది. "నా మొదటి పాఠకురాలు, మా చెల్లికి." అక్షరదోషాలు లేవు. కామా సరిగ్గా పడింది. నేను పాఠకురాలినట. పదకొండు అధ్యాయాలు బకెట్టు మీద కూర్చుని రాసిన పాఠకురాలిని. ఈ మూడు వారాల్లోనూ నేను అక్కను ఒక్క మాట అడగలేదు, ఎందుకు అడగలేదంటే అడిగితే ఏమంటుందో నాకు తెలుసు. "ఆ నోటుబుక్కులు దొరికాయే, ఎంత బాగా రాశామో" అంటుంది, ఆ తర్వాత ఇంకో మాటలో "నేను అప్పుడే అంత రాశానా అనిపించింది" అంటుంది, అనేటప్పుడు గొంతులో ఎక్కడా తడబాటుండదు. పోనీ నేను రాశానని ఎవరికైనా చూపిద్దామంటే ఏం చూపించను, రెండు పుస్తకాల్లోనూ ఉన్నది అక్క రాతే గదా. కష్టపడి నేర్చుకున్నాను మరి. కాబట్టి అట్ట మీది పేరు దిగమింగాను, పదకొండు అధ్యాయాలూ దిగమింగాను, అక్కడక్కడా జారిన ఒత్తులూ దీర్ఘాలూ సరిచేసి నా వాక్యాలకు నేనే మెరుగుపెట్టి పంపాను, ఇదిగో ఇప్పుడు ఈ పాఠకురాలిని కూడా మింగేశాను. గొంతు పెద్దదే నాది.

తర్వాత చివరి అధ్యాయం తీశాను. ఇది నేను రాయలేదు, ఇది రాయడానికి నాకు వంతు రాలేదు, అక్క ఇప్పుడు రాసింది. బాగా రాసింది, కాదనను. ఊరి నడిబొడ్డున న్యాయాధికారి కూర్చున్నాడు, గంట మీద అతుకు బయటపడింది, గంటవాడు పట్టుబడ్డాడు, దుకాణంలో కుట్లు లేని చొక్కాలు బయటపడ్డాయి, సూదిపిల్లా పట్టుబడింది. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టారు, ఇన్ని అధ్యాయాల తర్వాత మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నారు, అక్కడ నాకూ గుండె కొట్టుకుంది, పిచ్చిదానిలా. న్యాయాధికారి అడిగాడు, ఈ అతుకులన్నీ ఎవరివి అని. గంటవాడు మాట్లాడలేకపోయాడు. సూదిపిల్ల నవ్వుతూ ముందుకు వచ్చి, నేనే అంది. రెండు నేరాలూ ఆ పిల్ల మీదే పడ్డాయి. ఆ పిల్ల చేతులు మైనంలో ముంచారు, వాడిని వదిలేశారు, వాడు పెద్దవాడై పెద్దచదువులు చదివి న్యాయాధికారి అయి ఆ చట్టాన్ని ఎత్తేశాడు, ఊరి నడిబొడ్డున ఆ పిల్లకు విగ్రహం పెట్టించాడు. అందులో కూడా ఆ పిల్ల నవ్వుతూనే ఉంటుందట. ఒళ్ళు మండిపోయింది నాకు. పేజీ పక్కన పెట్టి లేచి నీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చదివాను, అలాగే ఉంది. నవ్వుతూ. ముందుకు వచ్చి. ప్రూఫు దిద్దేవాళ్ళు ఒక్కొక్క మాటనూ విడివిడిగా చూస్తారు, అర్థంలో పడి కొట్టుకుపోతే తప్పులు దొరకవు, నేనే కొత్తవాళ్ళకు చెబుతుంటాను, ఇవాళ నాకే చేతకావడం లేదు.

ఆ రోజు ఆదివారం, పొద్దున పది గంటల వేళ. నాకు పదిహేను నిండి రెండు నెలలు, అక్కకు పదిహేడు. స్కూలు నుంచి ముందురోజు ఉత్తరం వచ్చింది, పెద్దమ్మాయి సన్నాహక పరీక్షల్లో వెనకబడింది, తరగతిలో ఏదో రాసుకుంటూ కూర్చుంటోంది అని. నాన్న ఏమీ అరవలేదు, లేచి వచ్చి మా గది వెతికాడు, చిన్న స్క్రూ పోతే ఎలా వెతుకుతాడో అలా, పరుపు ఎత్తి, బీరువా జరిపి, కుట్టుమిషను మూత తీసి. దొరికాయి. రెండు నోటుబుక్కులూ చేతిలో పట్టుకుని భూతద్దం కంటికి పెట్టుకుని ఇందులో ఒక పేజీ అందులో ఒక పేజీ చూశాడు, ఆయన చూస్తుంటే నాకు లోపల గర్వంగా ఉంది, తేల్చుకో చూద్దాం అని. తేల్చేశాడు. "రెండూ ఒకే చెయ్యి" అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది మేం చేసిన పని. ఇద్దరిలో ఎవరో తెలియకుండా చేద్దామనుకున్నాం, ఆయనకు రాసింది ఒక్కరే అని కనిపించింది. "ఎవరు రాశారే ఇది?" అన్నాడు అక్క వైపు చూసి. అమ్మ గుమ్మంలో ఉతికిన బట్టలు మడతపెడుతోంది, మడతపెట్టడం ఆపలేదు. అక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, అదే నేను ఈనాటికీ మరిచిపోలేనిది, కనీసం ఒక్క గుటకైనా మింగి ఉంటే బాగుండేది. కుడిచెయ్యి ఎత్తి చూపుడువేలు నా వైపు పెట్టింది. "చెల్లి, నాన్నా. నాచేత అవి బలవంతంగా చదివించేది." నేను నవ్వలేదు. ముందుకు రాలేదు. నోరు తెరుచుకుని నిలబడ్డాను, తడి చేతులతో, ఎందుకంటే ఆ రోజు అక్క రాసేరోజు, ఇద్దరి అంట్లూ నేనే తోముతూ మధ్యలో వచ్చాను.

నాన్న కొట్టలేదు. కొట్టినా అయిపోయేది. "రాతపని అంత ఇష్టమైతే రాతపనికే పో" అన్నాడు. ఈ ప్రెస్సు పాత యజమాని గోడ గడియారం అప్పుడు మా ముందుగదిలోనే మరమ్మతుకు ఉంది, ఫోర్‌మన్ ఇందాక నాకు చూపించాడే, అదే గడియారం. అది బాగుచేసి ఇచ్చేటప్పుడు దాంతోపాటు నన్నూ తెచ్చి ఇక్కడ అప్పజెప్పాడు. స్కూలు మానిపించారు. "పోనీలే, ఒకళ్ళన్నా చదువుకుంటారు" అంది అమ్మ, నన్ను ఓదార్చడానికే అంది, ఆవిడకు అంతకంటే చాతకాదు. ఇక్కడ మొదటి రెండేళ్ళూ అచ్చయిపోయిన పేజీల నుంచి సీసపు అక్షరాలు విప్పి గళ్ళలో వేసేదాన్ని. ఎవరో రాసిన మాటలను నేను విడగొట్టడం, అ గడిలో అ, క గడిలో క, సాయంత్రానికి వేళ్ళు నల్లబడేవి. అక్షరాలన్నీ అద్దంలోలాగా తిరగబడి ఉండేవి, అలా చదవడం మూడు నెలల్లో వచ్చేసింది, ఇప్పటికీ వచ్చు. తర్వాత సీసం పోయి కంప్యూటర్లు వచ్చాయి, నేను ప్రూఫులకు మారాను. అక్క కాలేజీకి వెళ్ళింది, సెలవుల్లో వచ్చినప్పుడు నా గురించి స్నేహితురాళ్ళకు చెప్పేది, మా చెల్లికి చదువు మీద ధ్యాస లేదు, చిన్నప్పుడే ఉద్యోగంలో కుదిరిపోయింది అని. నేను టీ గ్లాసులు అందిస్తూ వినేదాన్ని.

నోటుబుక్కులు కాల్చేశాడనుకున్నాను. నాన్న పోయినప్పుడు దుకాణం ఖాళీ చెయ్యాల్సి వచ్చింది, అది పాఠ్యపుస్తకాలు అచ్చయ్యే నెల, నాకు ఊపిరి సలపని పని. "నువ్వు రాకులే, పని పాడుచేసుకోకు, నేను చూసుకుంటాను" అంది అక్క, ఎంత మంచిదో అనుకున్నాను. గడియారాల బీరువా అడుగున, ఆగిపోయినవాటి అరలో దొరికి ఉంటాయి. ఆయన ఎందుకు దాచాడో ఇక అడిగే వీలు లేదు. చదివాడేమో. ఒక్కోసారి నేను పని నుంచి వచ్చేసరికి భూతద్దం తీసేసి ఊరికే కూర్చుని నా వేళ్ళ నలుపు వైపు చూసేవాడు, ఏంటి నాన్నా అంటే ఏం లేదు అనేవాడు. చదివే ఉంటాడు, లేదా అది నేను అతికించుకున్న తీయటి జ్ఞాపకమేమో, చెప్పలేను.

పదకొండూ ముప్పై ఐదుకు ఫోను మోగింది. నా బల్ల మీది ఫోను, సాధారణంగా కింద హాలు నుంచి తప్ప మోగదు.

"నేనే. చివరి అధ్యాయం చూశావా?" అంది అక్క. గొంతులో ఆత్రం, పరీక్షల ఫలితాలు అడిగినట్టు.

"చూస్తున్నాను."

"ఏడ్చావా? నిజం చెప్పు. నేను రాస్తూ రెండుసార్లు ఏడ్చాను."

"ఒక తప్పుంది అక్కా."

"ఎక్కడ? ఏ పేజీ?"

"ఆ పిల్ల ముందుకు వచ్చినట్టు రాశావు. రాలేదు గదా."

ఇప్పుడు అంటుంది అనుకున్నాను, ఏదో ఒకటి అంటుంది, కథకదే సరిపోతుందే అంటుంది, లేదా ఆ పాత సంగతులు ఎందుకే అంటుంది, తిట్టినా సరే, తెలిసి దాచినదాని మీద కోప్పడొచ్చు, పోట్లాడొచ్చు, ఇరవై ఏడేళ్ళకైనా జుట్లు పట్టుకోవచ్చు. అక్క నవ్వింది. ప్రేమగా నవ్వింది.

"నీ మంచితనం నీకెప్పుడూ తెలియదే. నువ్వే గదా అన్నావు, నేనే నాన్నా అని. నేను పక్కనే ఉన్నాను, నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. నవ్వావు కూడా, నేను భయపడకూడదని. ఆ నవ్వు కోసమే ఈ పుస్తకం రాశాను, తెలుసా? నీకు చూపిద్దామనే నిన్నే చూడమన్నాను."

"అక్కా, నువ్వు వేలు చూపించావు."

"నేనా?" అంది. నిజంగా ఆశ్చర్యపోయింది. నాకు ఆ గొంతు తెలుసు, నాన్న ముందు అబద్ధమాడే గొంతు వేరు, ఇది వేరు. "ఏం మాట్లాడుతున్నావే? నేను నిన్ను చూపిస్తానా?" తర్వాత నెమ్మదిగా, జ్వరం వచ్చినవాళ్ళతో మాట్లాడినట్టు, "పని ఎక్కువై అలసిపోయినట్టున్నావు. సరే, క్లాసుకు టైమైంది. తప్పులుంటే నువ్వే చూసి సరిచెయ్యి, నీ మీద నాకు నమ్మకం" అని పెట్టేసింది.

అబద్ధమాడి ఉంటే బాగుండేది. ఫోను పెట్టేశాక నేను అదే కూర్చుని అనుకున్నాను, ఎంతసేపో, మిషను చప్పుడు పెరిగింది, ఎవరో మెట్ల కింద కాగితం రీములు దించుతున్నారు. దొంగ అయితే దొరికేది. ఇక్కడ దొంగ లేదు, అక్క ఆ రోజును తనే అతికించేసుకుంది, వేలెత్తిన జ్ఞాపకం పోయి ఆ చోట తీయటిది మొలిచింది, జాడ కూడా లేదు, నాలుగో అధ్యాయంలో నేను రాసినట్టే, అక్షరం పొల్లుపోకుండా. ఇంకో సంగతి కూడా ఉంది, చెప్పేస్తాను, ఇక్కడ ఎవరూ వినడం లేదు. ఆ రోజు నాన్న చూపు ముందు నా మీద పడి ఉంటే, ఎవరు రాశారే అని నన్ను అడిగి ఉంటే, నేనూ అక్కనే చూపించేదాన్ని. తడి చెయ్యి ఎత్తి అక్కనే చూపించేదాన్ని, ఒక్క గుటక కూడా మింగకుండా. ఇద్దరం ఒకే రాత నేర్చుకున్నవాళ్ళం, భయం మాత్రం వేరేగా ఉంటుందా. నేను మంచిదాన్ని కాదు. నాకు చదువు పోయింది, అంతే, అది మంచితనం కాదు. అక్క నన్ను దేవతను చేసింది. దేవతకు బాకీ ఉండరు ఎవరూ, దండం పెట్టి వెళ్ళిపోతారు. నాకు విగ్రహం అక్కర్లేదు, ఆ రోజు జరిగింది జరిగినట్టు ఒక్కచోటైనా ఉండాలి, ఎవరూ చదవకపోయినా ఉండాలి, లేకపోతే ఇంకో పదేళ్ళకు నాకూ అలాగే గుర్తుంటుంది, నవ్వుతూ ముందుకు వచ్చానని నేనే కొత్తగా చేరినవాళ్ళకు చెప్పుకుంటాను. నిజంగా నాకు భయమేసింది అప్పుడు. ఆ మాట అచ్చయితే ఇక అదే నిజం.

పదకొండూ యాభై. ఎర్రపెన్ను తీసుకున్నాను, అలవాటు. పేజీ మీద ఆనించబోయి ఆగాను. ఇది ప్రెస్సు తప్పు కాదు, కంపోజింగులో జారింది కాదు, అక్క రాసింది రాసినట్టే ఉంది. ఎరుపు పెట్టానంటే ఇన్నేళ్ళ పనిలో మొదటిసారి అబద్ధమాడినట్టు. గ్లాసులోంచి నీలిపెన్ను తీశాను. మూత బిగుసుకుపోయింది, పంటితో లాగాను. సూదిపిల్ల నవ్వుతూ ముందుకు వచ్చి, నేనే అంది. లెక్కపెట్టాను, పదహారు అక్షరాలు. ఆఖరి ప్రూఫులో ఒక మాట తీస్తే సరిగ్గా అంతే పట్టే మాట పెట్టాలి, లేకపోతే కింది పంక్తులన్నీ జరిగిపోతాయి, ఫోర్‌మన్ ఒప్పుకోడు. ఇరవై ఏడేళ్ళ తర్వాత వాక్యం రాయాలి, అదీ పదహారు అక్షరాల్లో. కష్టపడతాననుకున్నాను. చెయ్యి ఆగలేదు. గంటవాడు వేలెత్తి సూదిపిల్లను చూపించాడు. లెక్కపెట్టాను, పదహారు. ఇంకేమీ ముట్టుకోలేదు. మైనం అలాగే ఉంచాను, వాడి పెద్దచదువులు ఉంచాను, విగ్రహం కూడా ఉంచాను, దాని మొహం మీది నవ్వు కూడా. వాడు దాన్ని ఎందుకు పెట్టించాడో చదివే పదిహేనేళ్ళ పిల్లలకు ఇప్పుడు తెలుస్తుంది.

పక్కన పొడి సంతకం ఉండాలి. అక్క సంతకం నాకు అచ్చు దిగినట్టు వచ్చు, ఆ ముత్యాలు నావి కూడా, ఎవరూ పట్టుకోలేరు, నాన్నే పట్టుకోలేకపోయాడు. ఒక్క క్షణం పెన్ను అటే వెళ్ళింది. తర్వాత పెన్ను ఎడమచేతిలోకి మార్చుకున్నాను. వేళ్ళకు అది ఎలా పట్టుకోవాలో గుర్తులేదు, పిల్లల్లాగా పిడికిలి బిగించాల్సి వచ్చింది, గీత వంకర పోయింది, నీలం అంచు దాటి చిటికెనవేలికి అంటుకుంది. నా పేరులో రెండు అక్షరాలు. పెట్టేసరికి చెమట పట్టింది.

పన్నెండు కొట్టేసరికి ఫోర్‌మన్ వచ్చాడు, చెప్పిన టైముకు రావడంలో ఆయన్ను మించినవాళ్ళు లేరు. పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు, ఎర్రగీతలు మూడు, తల ఊపాడు, చివరి అధ్యాయం దగ్గర నీలం కనిపించి ఆగాడు. కాగితం వెలుగులోకి పెట్టి చూశాడు.

"ఈ సంతకం ఎవరిదమ్మా? కోడి కెలికినట్టుంది."

"రచయిత్రిది."

"ఆవిడ సంతకం ముత్యాల్లా ఉంటుంది గదా, మొదటి ప్రూఫు మీద చూశాను." కళ్ళజోడు పైనుంచి నా వైపు చూశాడు, నా ఎడమచేతి వైపు, చిటికెనవేలి నీలం వైపు. "అయినా ఆవిడ ఇవాళ ఇక్కడికి రాలేదుగా?"

"వచ్చింది" అన్నాను. "ఇరవై ఏడేళ్ళయింది వచ్చి."